తడి చూసే పుల్ల

సమాధి మీద రాయి వేయించాలన్న మాట మొదట దేవానందం నోటి నుంచే వచ్చింది. తమ్ముడు నతానియేల్ కిడ్నీల జబ్బుతో పోయాక ఒక వానాకాలం గడిచింది. మట్టి కుదురుకుంది, ఇంకా ఆలస్యం చేస్తే బాగుండదని ఆయన ఉద్దేశం. దేవానందం రైల్వేలో పట్టాల పని చేయించే సూపర్‌వైజరుగా రిటైరైన మనిషి. మట్టి కుదురుకుందని ఆయన చెబితే ఎవరూ కాదనలేరు. అద్దంలా మెరిసే నల్ల గ్రానైటు, తలవైపు శిలువ, కింద ఒక వాక్యం. అన్నీ అనుకుని, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక భార్య స్వర్ణలతను వెంటబెట్టుకుని మౌలాలి నుంచి యాప్రాల్‌లోని మరదలి ఇంటికి వచ్చాడు.

దేవకృప టీ ఇచ్చి, ఆయన చెప్పినదంతా వింది. మల్కాజ్‌గిరిలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతుంది. ఎదుటివాళ్లు ముగించేదాకా నోరు విప్పే అలవాటు లేదు. ఆయన ముగించాక, తనకు రాయి వద్దని చెప్పింది. సమాధి మీద గండ్రాళ్లు పేర్చి, వాటి మధ్య ఒక మొక్క పెడతానంది.

ఏం మొక్క అని స్వర్ణలత అడిగితే కిటికీలోంచి బయటికి చూపించింది.

వాకిట్లో గేటు పక్కన ఏనుగు పడుకున్నంత బండ ఉంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ దాన్ని పగలగొట్టిద్దామంటే నతానియేల్ ఒప్పుకోలేదు. కారు పెట్టే చోటు పోయినా పోనీ అని ఉంచేశాడు. ఆఫీసు నుంచి రాగానే చొక్కా మార్చుకుని దాని దగ్గరికే వెళ్లేవాడు. పగుళ్లలో ఎర్రమట్టి, దొడ్డు ఇసుక, రాతి ముక్కలు కలిపి కూరి, రకరకాల మొక్కలు పెట్టాడు. కొన్ని ఎండకు పోయాయి, కొన్ని వానకు పోయాయి. నిలిచింది యూఫోర్బియా. చర్చిలో ఆడవాళ్లు దాన్ని ముళ్లకిరీటం మొక్క అంటారు. జానెడు ఎత్తున గుబురుగా ఉంటుంది. కాడల నిండా ముళ్లు, కొసల్లో చిన్న ఆకులు, వాటి పైన రెండేసి రేకుల పూలు. మామూలుగా అందరి ఇళ్లలో ఎర్రవి ఉంటాయి. ఇవి లేత పసుపు, అంచుల్లో మాత్రం కాస్త గులాబీ. ఏ కాలంలోనూ పచ్చదనం పోదు, పూయడం మానదు.

"వాడు అడిగాడా, అట్లా పెట్టమని?" అన్నాడు దేవానందం.

అవునంటే ఆ మాటతో అంతా అయిపోయేది. పోయినవాడి కోరిక అంటే దేవానందం గ్రానైటు సంగతి మళ్లీ ఎత్తడు. దేవకృపకు అది తెలుసు.

"లేదు బావగారూ. ఆయన ఏమీ అడగలేదు. నాకే పెట్టాలని ఉంది."

స్వర్ణలతకు అసలు ఆ ముళ్లే నచ్చలేదు. "ఈస్టర్ రోజు దండ వేద్దామని వంగినవాళ్లకు గుచ్చుకుంటే ఏం చెబుతావు కృపా?"

"కాళ్లవైపు వేయమని చెబుతానక్కా."

దేవానందం చాలాసేపు బండ వైపే చూశాడు. ఈస్టర్ తెల్లవారుజామున సంఘమంతా సమాధుల తోటకు వస్తుంది. ఎవరి మనుషుల సమాధుల దగ్గర వాళ్లు కొవ్వొత్తులు వెలిగించి, పూలు పరిచి, పాటలు పాడి, ఆ తర్వాతే గుడికి వెళతారు. ఆ వేళకు ఏ సమాధైనా ఉత్త మట్టిదిబ్బగా ఉంటే ఆ ఇంటివాళ్లను ఎవరూ ఏమీ అనరు. చూస్తారు, అంతే. దేవానందానికి ఆ చూపే భయం.

చివరికి ఆయన ఒక మాట మీదికి వచ్చాడు. ఈస్టర్ నాటికి మొక్క పచ్చగా, చూడముచ్చటగా ఉంటే రాయి ఊసెత్తడు. లేకపోతే రాయి వేయించాల్సిందే, అప్పుడు దేవకృప అడ్డు చెప్పకూడదు.

"సరే బావగారూ" అంది దేవకృప.

ఆమెకు ఏ బెంగా కలగలేదు. మొక్క సంగతి ఆమెకు తెలుసు. అది ఎండకు వెరవదు, రాతికి వెరవదు. సమాధుల తోటలో ఆ రెండూ కావలసినంత ఉన్నాయి.

నవంబరులో ఆమె పని మొదలుపెట్టింది. బండ మీది గుబురు నుంచి రెండు కొమ్మలు కోసింది. కోసిన చోట పాలు కారతాయి, కంట్లో పడితే ప్రమాదం. ఆ కొసలను నీళ్లలో ముంచి పాలు ఆగేదాకా ఉంచింది. తర్వాత నీడన ఆరబెట్టింది. కోత మీద పొర కట్టి గట్టిపడితేనే నాటాలి, పచ్చిగా నాటితే కుళ్లుతుంది. ముళ్ల కొమ్మను పట్టుకోవడానికి నతానియేల్ పాత వార్తాపత్రికను పట్టీలా మడిచి కాడ చుట్టూ తిప్పి పట్టుకునేవాడు. ఆమె కూడా అలాగే పట్టుకుంది. పట్టీ చుట్టిన వేళ్లను కాసేపు చూసి, మళ్లీ పనిలో పడింది.

సమాధి మీద గండ్రాళ్లు పేర్చి, మధ్యలో గుంట చేసి, ఇసుక కలిపిన మట్టి పోసి, ఒక కొమ్మ నాటింది. రెండోది ఇంట్లో కుండీలో పెట్టుకుంది. మొదటి తడి ఇచ్చాక ఇక చాలాకాలం నీళ్లక్కరలేదు. ప్రతి ఆదివారం సాయంత్రం వెళ్లి చూసి వచ్చేది. కొమ్మ చిగురు పెట్టింది. క్రిస్మస్ నాటికి కొత్త ఆకులు విప్పుకున్నాయి.

కొత్త సంవత్సరం వచ్చాక ఆకులు పసుపుబారాయి. చలికేమో అనుకుంది దేవకృప. మరో వారానికి కాడ మొదట్లో నల్లబడింది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. పీకి చూస్తే వేళ్లు లేవు, ఉన్న కాస్తా జిగురుగా ఉన్నాయి. మట్టి అడుగుదాకా తడిగా ఉంది.

వాన పడలేదు. తను నీళ్లు పోయలేదు. ఎవరో పోస్తున్నారు.

కుండీలోది తెచ్చి నాటి, తోట చూసుకునే జకర్యాను అడిగింది. జకర్యా ఆ సమాధుల మధ్యే పుట్టి పెరిగినవాడు. తండ్రి చేసిన పనే తనూ చేస్తున్నాడు. నీళ్లు పోస్తున్నావా అని ఆమె అడిగిన తీరుకు అతనికి నవ్వొచ్చింది.

"నేనేడ పోస్త మేడమ్. నల్లా దినం విడిచి దినమొస్తది. నా తాగుడుకే పరేషాన్ ఉంటే మీ ముళ్లచెట్టుకు పోస్తనా?"

మరెవరైనా పోయడం చూశావా అని అడిగింది. తను పొద్దున గేటు తీసి చాయ్‌కి పోతాడట. అటు తర్వాత ఎవరెవరు వస్తారో, ఏం చేస్తారో అన్నీ చూడడం కుదరదన్నాడు.

దేవకృప ఇంటికొచ్చి ఒక అట్ట ముక్క మీద 'దయచేసి నీళ్లు పోయకండి' అని రాసింది. రాసి చదువుకుంది. భర్త సమాధి మీద అలాంటి బోర్డు పెట్టడం ఆమెకు చేతకాలేదు. అట్టను పుస్తకాల కింద దాచేసింది.

ఫిబ్రవరి రెండో శనివారం బడికి సెలవు. ఆదివారం దాకా ఆగకుండా ఆ పొద్దున్నే సమాధుల తోటకు వెళ్లింది. గేటు తీసే ఉంది. మౌలాలి గుట్ట మీదికి ఎండ అప్పుడే ఎక్కుతోంది. సమాధుల వరుస మలుపు తిరిగేసరికి దేవానందం కనిపించాడు. నడకకు వేసుకునే కాన్వాసు బూట్లు, తలకు మఫ్లరు. వంగి, పెద్ద ప్లాస్టిక్ సీసాతో మొక్క మొదట్లో నీళ్లు పోస్తున్నాడు. సన్నటి ధారగా, ఒక్క చుక్క కూడా రాళ్ల మీద పడకుండా పోస్తున్నాడు. మధ్యమధ్య ఆపి, ఇంకేదాకా చూసి, మళ్లీ పోస్తున్నాడు.

దేవకృప కదలకుండా నిలబడింది. నీళ్లు పోసిన మనిషి దొరికితే అనాల్సిన మాట ఆమె ముందే సిద్ధం చేసుకుని ఉంది. ఒకటి చంపారు, రెండోదాన్నైనా బతకనివ్వండి అని. అందులో అబద్ధం లేదు.

ఆయన తల తిప్పి చూసి, సీసాకు మూత బిగించాడు. "ఎప్పుడొచ్చావమ్మా?"

"ఇప్పుడే బావగారూ."

ఆయనే చెప్పుకొచ్చాడు. నడక దారి ఇటు మార్చుకుని చాలా రోజులైంది. చుట్టూ రాళ్లు, పైన ఎండ, మధ్యలో ఈ కాస్త మొక్క. చూస్తే పాపం అనిపించింది. ఆమె వచ్చేది ఆదివారమే కదా, మిగతా రోజుల్లో దీన్ని ఎవరు చూస్తారు? అందుకని ఇంటి నుంచి సీసా తెచ్చుకుంటున్నాడు. స్వర్ణలతకు కూడా చెప్పలేదు. మొదటిది ఎండిపోయిందని విన్నాక, తను పోస్తున్నది చాలడం లేదనుకుని పెద్ద సీసా తెస్తున్నాడు.

దేవకృప ఆ సీసా వైపు చూసింది. "ఇది పోతే మీ మాటే నెగ్గుతుంది కదా బావగారూ."

"నెగ్గి ఏం చేసుకోను?" అన్నాడు దేవానందం.

పక్క సమాధి అరుగు మీద కూర్చున్నాడు. సీసా ఒళ్లో పెట్టుకున్నాడు.

"రాత్రిళ్లు నేనుండేవాణ్ణి కదా ఆస్పత్రిలో. అడిగేవాడు. అన్నయ్యా, ఒక్క గుక్క అనేవాడు. నర్సు ఒక గ్లాసు మీద గీత గీసి ఇచ్చింది. కిడ్నీల జబ్బు కదా, రోజుకు ఆ గీత దాటి నీళ్లివ్వొద్దంది. ఉద్యోగంలో ఒక్క రూలు తప్పినవాణ్ణి కాదు నేను. అక్కడా తప్పలేదు. దూది తడిపి పెదాలకు అద్దేవాణ్ణి, అంతే. ఇవ్వలేదమ్మా."

ఆ గ్లాసు దేవకృపకు తెలుసు. దాని మీది గీతను నీలం రంగు మార్కరుతో గీశారు. పగలంతా అది ఆమె చేతుల్లోనే ఉండేది.

"పగలు నన్ను అడిగేవారు" అంది. "నేనూ ఇవ్వలేదు."

అవతల లైను మీద గూడ్సు బండి ఒకటి వచ్చి, పెట్టె తర్వాత పెట్టె దాటిపోతూ ఉంది. సిద్ధం చేసి పెట్టుకున్న మాటను దేవకృప మనసులోనే కొట్టేసింది. ఒకసారి నీళ్లు ఇవ్వొద్దని ఈ మనిషికి చెప్పారు. మళ్లీ చెప్పకూడదు. అలాగని ఊరుకుంటే మొక్క పోతుంది. మొక్క పోవడానికి ఆమె ఒప్పుకోదు.

తరగతిలో ఏం చేస్తుందో అదే చేసింది. ఒక ప్రశ్న అడిగింది.

"బావగారూ, పట్టాల కింద కంకర ఎందుకు పోస్తారు?"

ఇప్పుడు ఇదెందుకన్నట్టు ఆయన చూశాడు. కానీ ఆ ప్రశ్నను జవాబు లేకుండా వదిలే మనిషి కాదు. "బరువు పంచడానికి. ఇంకా, నీళ్లు నిలవకుండా దిగిపోవడానికి. కింద బురదైందనుకో, పట్టాను మోసే దిమ్మె, స్లీపరు, కుంగుతుంది. స్లీపరు కుంగితే పట్టా వంకర తిరుగుతుంది. వానాకాలమంతా మా పని అదే కదా, ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో..."

అక్కడ ఆగిపోయాడు. ఒళ్లోని సీసా చూశాడు. మొక్కను చూశాడు. దాని కింది ఆకులు అప్పటికే పసుపుబారి ఉన్నాయి.

దేవకృప తొందరపడలేదు. జవాబు పిల్లల నోటి నుంచి వచ్చేదాకా ఎంతసేపైనా ఆగడం ఆమెకు అలవాటు.

"అయితే నేనే దీన్ని..." అన్నాడు ఆయన.

"పునాది తప్పు బావగారూ" అంది ఆమె. "పైన ఇసుకమట్టి పోశాను గానీ అడుగున ఉన్నది బంకమన్ను. నీళ్లు దిగే దారి నేను చూడలేదు. వానొచ్చినా ఇదే గతి అయ్యేది."

అదీ నిజమే. ఉన్న నిజాల్లో ఏది పైకి అనాలో ఆమె ఏరుకుంది.

"ఇక పోయడం మానేయనా?"

"మానొద్దు. నీళ్ల పని మీదే. ఎప్పుడు పోయాలో చూసుకోవడం కూడా మీ పనే. నాకు ఆదివారమే కుదురుతుంది."

మర్నాడు చర్చి దగ్గర ఆయనకు ఒక వెదురుపుల్ల ఇచ్చింది. నునుపుగా చెక్కినది, వేలి పొడవుకు రెండింతలుంటుంది. బండ పగులులో ఎప్పుడూ గుచ్చి ఉండేది. నతానియేల్ చెక్కుకున్నదే. మొక్క పక్కన లోపలిదాకా గుచ్చి, కాసేపాగి తీయాలి. మట్టి అంటుకుని వస్తే నీళ్లొద్దు. పొడిగా, శుభ్రంగా వస్తే పోయాలి. ఇంతే పద్ధతి. దేవానందం పుల్లను తిప్పి చూసి, చొక్కా జేబులో పెన్ను పక్కన పెట్టుకున్నాడు.

మరుసటి ఆదివారానికి రెండో మొక్క కూడా కాడ నల్లబడింది. దేవకృప దాన్ని తీసేసింది. ఇక కొమ్మ నాటి చిగురు కోసం ఆగే వ్యవధి లేదు. బండ మీదున్న తల్లి గుబురునే తెచ్చి పెడతానంది. స్వర్ణలత కంగారుపడింది. అది అతని చేతి మొక్క, ఇంట్లో మిగిలింది అదొక్కటే, అది కూడా పోతే ఎలా అంది.

"పోదక్కా" అంది దేవకృప.

"అంత నమ్మకంగా ఎట్లా చెబుతావు?"

"ఈసారి పునాది బావగారు వేస్తున్నారు."

దేవానందం కంకర ట్రాలీ ఆటోలో తెచ్చాడు. పెద్దది, మధ్యరకం, సన్నది, మూడు రకాలు, మూడు సంచుల్లో. జకర్యా సంచులు దించుతూ, ఇది రైల్వేది గాదు గద పెద్దసారూ అన్నాడు. దేవానందం మొహం ఎర్రబడింది. సర్వీసు మొత్తం మీద ఒక్క గులకరాయి ఇంటికి తేలేదని, ఇది యాప్రాల్‌లో సిమెంటు కొట్టు నుంచి తెచ్చానని గట్టిగానే చెప్పాడు. జకర్యా నవ్వు దాచుకుంటూ పార అందుకున్నాడు.

తర్వాత ఆ పూటంతా దేవానందం మళ్లీ డ్యూటీలో ఉన్న మనిషయ్యాడు. దేవకృప పేర్చిన గండ్రాళ్లన్నీ తీయించాడు. బంకమన్ను మోచేతి లోతు తవ్వించాడు. అడుగున పెద్ద కంకర, మీద మధ్యరకం, ఆపైన సన్నది వేయించి, మధ్య ఎత్తుగా ఇరుపక్కలకు వాలు పెట్టించాడు. వాలు సరిపోయిందో లేదో మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. సరిపోలేదని రెండుసార్లు విప్పించాడు. జకర్యా గొణిగాడు.

"ఈ వాలు మీద బండి నడుపుతవా ఏంది సారూ?"

"నడిపినా పడిపోకూడదు. జెర ఆ మూల ఎత్తు" అన్నాడు దేవానందం.

చివర్లో ఇసుక కలిపిన మట్టిని మధ్య గుంటలో దేవకృప పోసింది. అంతకుముందు వాకిట్లోని బండ పగులులోంచి గుబురును ఊడదీయడానికి ఆమెకు ఒక సాయంత్రమంతా పట్టింది. వేళ్లు రాతి గోడను పట్టుకుని పల్చగా, అల్లికలా ఉన్నాయి. తెగిన వేళ్లు ఆరేదాకా నీడన ఉంచి, వార్తాపత్రిక పట్టీతో పట్టుకుని తెచ్చింది. నాటి, చుట్టూ గండ్రాళ్లు మళ్లీ పేర్చి, లేచి నిలబడి చేతులు దులుపుకుంది.

దేవానందం సీసా పట్టుకుని నిలబడ్డాడు. "ఇప్పుడు?"

"వారం ఆగాలి. తర్వాత పుల్ల చెబుతుంది."

ఆ తర్వాత ఆయన పొద్దున్నే రావడం మానలేదు, సీసా తేవడమూ మానలేదు. పుల్ల తడిగా వస్తే ఆ రోజుకు నీళ్లు తనే తాగేవాడు. కొంత జకర్యాకు ఇచ్చేవాడు. జేబులో పుల్ల పెట్టుకుని తమ ఇంట్లోని కరివేపాకు కుండీని సైతం పరీక్ష చేస్తున్నాడని స్వర్ణలత ఫోనులో చెప్పుకుని నవ్వింది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఎండ ముదిరింది. గుబురు పాత ఆకులు కొన్ని రాల్చింది. దేవానందం ఫోను చేసి, ఆకులు రాలుతున్నాయమ్మా అన్నాడు. కాడ నొక్కి చూడమంది. గట్టిగా ఉందన్నాడు. అయితే భయం లేదంది. ఆమె అన్నట్టే కొసల్లో చిగుళ్లు వచ్చాయి, చిగుళ్ల మధ్య మొగ్గలు కనబడ్డాయి.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోట కొవ్వొత్తులతో నిండిపోయింది. దేవకృప గేటు దాటి లోపలికి వచ్చేసరికి పాట అప్పటికే మొదలైంది. సమాధి దగ్గర దేవానందం ముందే ఉన్నాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, జేబులో పుల్ల. కంకర మధ్య గుబురు పచ్చగా ఉంది. పూలు విచ్చుకున్నాయి. కొవ్వొత్తి వెలుగుకు పసుపు తెలియడం లేదు, తెల్లగా ఉన్నాయి. స్వర్ణలత దండను తనంతట తనే కాళ్లవైపు పరిచింది.

చుట్టాలు, సంఘంవాళ్లు వచ్చి ఆగుతున్నారు. రాయి ఎందుకు వేయలేదని ఎవరో మెల్లగా అడిగారు. దేవానందం ఆ మాట విననట్టే, కింద మూడు వరుసల కంకర ఉందని, ఎంత వాన పడ్డా చుక్క నిలవదని చెప్పడం మొదలుపెట్టాడు. ఒకావిడ మొక్కను చూసి ముచ్చటపడి, చేతిలోని సీసా మూత తీసింది.

"ఆగమ్మా" అన్నాడు దేవానందం. "దీనికి ఒక పద్ధతుంది."

ఆవిడ ఆగిపోయింది. స్వర్ణలత తోడికోడలి చెవి దగ్గరికి వచ్చింది. "నిన్న సాయంత్రం నుంచి ఇక్కడే తిరుగుతున్నాడు. కాపలా కుక్క నయం."

జనం పలచబడ్డాక, తూర్పున వెలుగు వస్తుంటే, దేవానందం పుల్ల తీసి మొక్క పక్కన గుచ్చాడు. కాసేపాగి బయటికి తీసి దేవకృపకు అందించాడు. ఆమె దాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పింది. పొడిగా ఉంది. ఒక్క రేణువు అంటలేదు.

"నిన్ననే పొడిగా వచ్చింది" అన్నాడు ఆయన. "ఇవాళ్టి కోసం ఆగాను. పోయొచ్చా?"

"పోయండి బావగారూ" అంది దేవకృప. "కావలసినంత పోయండి."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని మూత తీశాడు. ఈసారి ఆపి చూడలేదు. సీసా ఖాళీ అయ్యేదాకా పోశాడు. నీళ్లు కంకరలోకి చప్పుడుతో దిగిపోయాయి. దేవకృప ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా విని, పుల్లను తుడిచి, మళ్లీ జేబులో పెట్టుకోమని ఆయనకు ఇచ్చేసింది.